వీరుల మెట్ల మీద లాంతరు

చీకటి పడ్డాక వీరుల మెట్ల వైపు ఎవరూ వెళ్లరు. ఒకవేళ వెళ్లారంటే వాళ్లు ఆ ఊరికి కొత్తవాళ్లయినా అయ్యుండాలి, ఇంట్లో పోట్లాడి బయటపడ్డవాళ్లయినా అయ్యుండాలి.

పగలు చూస్తే మాత్రం అంత మర్యాదైన చోటు ఇంకోటి ఉండదు. నల్లరాతి గోడ నిండా యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు. గోడ ముందు ఎత్తైన మెట్లు. మెట్ల పైన తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మీద ఇనుప టోపీ, పక్కన తలవంచుకున్న సైనికుడు — అన్నీ కంచువే. ఆ శిల్పి ఎవరో గాని తెలివైనవాడు. సైనికుడి ముఖానికి ఎవరి పోలికా రాకుండా జాగ్రత్తపడ్డాడు. అందుకే కొడుకును పోగొట్టుకున్న ప్రతి తల్లికీ అందులో తన కొడుకే కనిపించేవాడు.

వీటన్నిటి నడుమ, రాతి తొట్టిలో, రాత్రింబవళ్లు మండే మంట ఒకటి. కింద ఇత్తడి పలక మీద 'ఆరని జ్యోతి' అని రాసి ఉంటుంది. ఏ దేశమైనా తన కోసం పోయినవాళ్లను తలుచుకునే తీరు ఇంచుమించు ఇంతే. ఒక రాయి, ఒక మంట, ఏడాదికోసారి కాసేపు మౌనం. బతికున్నప్పుడు వాళ్లు చలికి వణుకుతుంటే ఇంత మంట వేసినవాళ్లెవరని మాత్రం ఎవరూ అడగరు.

సరే, రాత్రి సంగతి చెప్పాలి కదా.

రాత్రయితే అక్కడ కొరివి దెయ్యం తిరుగుతుందని చెప్పుకునేవారు. ఏ గాలివాన రాత్రో ఉన్నట్టుండి గేటు దగ్గర ఒక చిన్న వెలుగు పుడుతుందట... తొందరేమీ లేకుండా, మనిషి నడకలో మెట్ల దాకా వస్తుందట... ఒక్కో మెట్టూ ఎక్కుతుందట... పైకి వచ్చాక మాయమవుతుందట. ఆఖరి బస్సు డ్రైవరు చూశాడు. ఆ తర్వాత అక్కడ బస్సు ఆపడం మానేశాడు. వాచ్‌మన్లు ఒకరి తర్వాత ఒకరు పని వదిలేశారు. ఒకడైతే టార్చిలైటు, ఈల, కొత్త చెప్పులు అక్కడే పారేసి పరిగెత్తాడు. చెప్పుల కోసమైనా తిరిగి రాలేదు.

ఆ కొరివి దెయ్యం ఎదురుపడ్డ గ్యాసు ఫిట్టరు కథ ఇది.

ఫిట్టరు పిరికివాడేం కాదు. నేల కింద గొట్టాల మధ్య పాకి బతికేవాడికి చీకటంటే భయమేమిటి? కాకపోతే ఆ జ్యోతి పని అతని చేతికి కొత్తగా వచ్చింది. అంతకు ముందు అదంతా పెద్దమేస్త్రి చూసుకునేవాడు. మోకాళ్లు పూర్తిగా మొరాయించాక ఆయన పని దిగిపోతూ ఫిట్టరును పక్కకు పిలిచాడు.

"అక్కడ కొరివి దెయ్యం ఉందిరోయ్. నేనూ చూశాను."

"ఊరుకోండి మేస్త్రిగారూ!"

"నిజం. కనిపిస్తే కంగారుపడకు. పైనే కూర్చో. నేనెప్పుడూ అంతే. ఈ మోకాలితో ఆ మెట్లెక్కడమే గగనం, మళ్లీ దిగి ఎదురెళ్లడం కూడానా? మంచిదేలే అది. దారిస్తే చాలు."

ముసలాయన పోతూ పోతూ తనను ఆటపట్టిస్తున్నాడనుకున్నాడు ఫిట్టరు. నవ్వేసి ఊరుకున్నాడు.

ఆ జ్యోతి గురించి ఊళ్లో నలుగురికి తప్ప తెలియని రహస్యం ఒకటుంది. ఆరని జ్యోతి అప్పుడప్పుడూ ఆరుతుంది. ఆర్పుతారు. గ్యాసు వచ్చే సన్నటి రంధ్రాలు మసితో పూడుకుపోతే మంట ఒక పక్కకు ఒరిగి పొగ కక్కుతుంది. అందుకని ఏటా పెద్దలొచ్చి వందనం చేసే రోజుకు ముందు రాత్రి, ఎవరూ చూడకుండా, దాన్ని శుభ్రం చేస్తారు. ముందు ఆ మంటతోనే ఒక లాంతరు వెలిగించి పక్కన పెడతారు. అప్పుడు గ్యాసు కట్టేస్తారు. పని అయ్యాక ఆ లాంతరుతోనే మళ్లీ అంటిస్తారు. నిప్పు లాంతర్లోకి వెళ్లి వచ్చింది గాని ఆరలేదు కాబట్టి పలక మీది మాట అబద్ధం కాలేదన్నమాట. లెక్క బాగానే ఉంది.

ఆ లెక్క ఫిట్టరు వాళ్ల అక్క కూడా ఒప్పుకుంది. అందరికంటే ఆమె ఒప్పుకోవడమే అతనికి ముఖ్యం.

అక్క మొగుడు, అంటే ఫిట్టరు బావ, పెళ్లాంపిల్లల్ని, బామ్మర్దిని ఇంట్లో వదిలి ఆ యుద్ధానికే వెళ్లాడు. తిరిగి రాలేదు. పోయాడనడానికి శవం లేదు, ఉన్నాడనడానికి ఉత్తరం లేదు. 'ఆచూకీ లేదు' అన్నారు పైవాళ్లు. ఆచూకీ లేనివాడి పేరు గోడకెక్కదు. వందనం రోజున గోడ మీద పేర్లున్నవాళ్ల ఇళ్లవాళ్లకు ముందు వరసలో కుర్చీలు వేస్తారు. అక్క తాడు కట్టిన చోట, జనంలో నిలబడి చూసేది. పారిపోయుంటాడని వెనక గుసగుసలాడినవాళ్లూ ఉన్నారు. నిజం చెప్పాలంటే ఫిట్టరు మనసులో కూడా ఆ ఆశే ఉండేది. పారిపోతే పారిపోయాడు, ఎక్కడో ఒకచోట కడుపునిండా తిని బతికుంటే చాలు, ఏదో ఒక రోజు సిగ్గు విడిచి తలుపు తడతాడు అనుకునేవాడు. బావంటే అతనికి ప్రాణం.

ఇక ఆయన ఉన్నాడా పోయాడా అన్న మాట ఎత్తొద్దని అక్క ఇంట్లో అందరికీ చెప్పేసింది.

"ఆ మంట ఆరిన రోజు ఆయన లేడని నేనే ఒప్పుకుంటాను. అంతదాకా నా దగ్గర ఎవరూ నోరెత్తొద్దు."

వంటింటి కిటికీలోంచి చూస్తే దూరంగా మెట్ల మీద మంట ఎర్రగా కనిపిస్తుంది. అక్కకు రేచీకటి. పొద్దుగూకితే ఎదురుగా ఉన్న మనిషిని కూడా పోల్చుకోలేదు. కానీ ఆ ఎరుపు మాత్రం ఆమె కంటికి ఆనేది. అది చూసుకునే పడుకునేది. వంటింట్లో అలమర మీద ఒక బుడ్డి దీపం కూడా ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి. "పట్టపగలు దీపమెందుకే?" అని ఫిట్టరు ఎన్నోసార్లు విసుక్కున్నాడు. పాపం, చీకటంటే భయం కాబోలని మళ్లీ తనే సర్దుకునేవాడు.

బావ ఉన్నప్పుడు ఆమెకా భయం ఉండేది కాదు. ఆ ఇంటి మెట్లు ఇరుకు, ఎప్పుడూ చీకటి. అక్క దిగాలన్నా ఎక్కాలన్నా బావ లాంతరు పట్టుకుని ముందు నడిచేవాడు. ప్రతి మెట్టు దగ్గరా వంగి, లాంతరు దించి, దాని అడుగును మెట్టుకు ఆనించి టక్‌మనిపించేవాడు. ఆ చప్పుడును బట్టి ఆమె అడుగు వేసేది. టక్... ఒక మెట్టు. టక్... ఇంకో మెట్టు. "మహారాణిగారి ఊరేగింపు బయల్దేరిందహో!" అని ఫిట్టరు పైనుంచి అరిచి ఏడిపించేవాడు. బావ పలికేవాడు కాదు. నవ్వుకుంటూ మళ్లీ టక్‌మనిపించేవాడు.

మొదటిసారి ఒంటరిగా జ్యోతి పనికి వెళ్లిన రాత్రి ఫిట్టరు ఇవేవీ తలుచుకోలేదు. తెల్లారితే పెద్దలొస్తారు. మంట నిటారుగా నిలబడాలి. ఆ ధ్యాసలోనే ఉన్నాడు.

వాచ్‌మన్ లేడు. కొత్తవాడు దొరకలేదు. దీపాలన్నీ ఆర్పేశారు. పైకి ఎక్కి, జ్యోతితో లాంతరు వెలిగించి, కంచు సైనికుడి కాళ్ల దగ్గర పెట్టాడు. పలక ఎత్తి గ్యాసు కట్టేశాడు.

మంట ఒక్కసారి ముడుచుకుని... పోయింది.

ఎప్పుడూ మండేది ఆగిపోతే ఆ చోటు ఎంత బోసిగా ఉంటుందో అప్పుడు తెలిసింది అతనికి. లాంతరు వెలుగు తన చేతుల వరకే ఉంది. గోడ కనిపించడం లేదు. గోడ మీద పేర్లు మాత్రం అక్కడే ఉన్నాయని గుర్తొచ్చింది. వీపు వెనక నుంచి ఎవరో చూస్తున్నట్టు అనిపించింది. తిరిగి చూస్తే కంచు సైనికుడు. "నువ్వేనా!" అని పైకే అన్నాడు, ధైర్యం కోసం.

రంధ్రాలు బాగా పూడుకుపోయాయి. గొట్టం విప్పి తీగతో గుచ్చాడు, బ్రష్షుతో రుద్దాడు. అనుకున్నదానికంటే చాలా ఆలస్యమైంది. గాలి లేచింది.

అప్పుడు... గేటు కిర్రుమంది.

చేతులు ఆగిపోయాయి. చెవులు రిక్కించాడు. ఏమీ లేదు. గాలే అనుకున్నాడు. కానీ గేటుకు గొళ్లెం పెట్టి వచ్చింది తనే కదా!

ఇక ఆగలేదు. గొట్టం బిగించాడు, సామాను సంచిలో కుక్కాడు, గ్యాసు తిప్పాడు, లాంతరు తలుపు తీసి తొట్టి మీదికి వంచాడు. అక్కడే పొరపాటు జరిగింది. గొట్టం విప్పి బిగించాక దాన్నిండా గాలి ఉంటుంది. ముందు ఆ గాలిని బయటికి పోనివ్వాలి. ఆ తర్వాతే నిప్పు దగ్గరికి తేవాలి. ఆ పని నేర్చుకునేవాడికి మొదటి రోజే చెప్పే మాట ఇది. భయంలో మర్చిపోయాడు.

గొట్టం భుస్సుమంది.

లాంతరు ఆరిపోయింది.

అంతా చీకటి... గ్యాసు కట్టేసి, ఆరిన లాంతరు పట్టుకుని అలాగే చతికిలబడ్డాడు. ఇన్నేళ్లుగా కాపాడుకొచ్చిన నిప్పు. ఎవరి చేతుల్లోనో కాదు, తన చేతుల్లోనే పోయింది. ఉద్యోగం సంగతి తర్వాత. అక్క మాట గుర్తొచ్చింది. ఆ మంట ఆరిన రోజు... బావను తనే చంపేసినట్టు అనిపించింది అతనికి.

జేబులో సిగరెట్టు లైటరుంది. తీశాడు. ఒక్కసారి నొక్కితే చాలు. తెల్లారి పెద్దలకు తెలియదు, జనానికి తెలియదు. కిటికీలోంచి చూసే అక్కకూ తెలియదు. మంటకు పుట్టుమచ్చలుంటాయా? రేపట్నుంచి ఆమె ఓ సిగరెట్టు లైటరు నిప్పు చూసుకుని మొగుడి మీద ఆశ పెట్టుకుని బతుకుతుంది, అంతే కదా. బొటనవేలు లైటరు మీదే ఉంది. నొక్కలేకపోయాడు. ఏడుపొచ్చింది.

టక్.

తల ఎత్తాడు. కింద, గేటు నుంచి వచ్చే దారి చివర... మెట్ల మొదట్లో... ఒక వెలుగు.

పసుపు రంగు వెలుగు. నేలకు ఆనినట్టుంది. నెమ్మదిగా లేచింది. ఒక మెట్టెత్తు పైకి వచ్చి మళ్లీ కిందికి దిగింది.

టక్.

పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్దమేస్త్రి ఆటపట్టించలేదన్నమాట... నిజంగానే ఉందన్నమాట...

టక్.

మెట్ల మధ్యలో ఒకటి పగిలి ఉంది. పగలు కూడా జనం అక్కడ తడబడతారు. వెలుగు అక్కడికి వచ్చి ఆగింది. చాలాసేపు ఆగింది. ఆ పగులు మీద అటూ ఇటూ ఊగింది. తర్వాత పై మెట్టుకు వచ్చింది.

ఫిట్టరు కంచు సైనికుడి కాళ్లు కావలించుకుని కళ్లు మూసుకున్నాడు.

టక్... టక్... ఆ తర్వాత చప్పుడు లేదు.

కళ్లు తెరిస్తే వెలుగు లేదు. ఆ చీకట్లో పై మెట్టు దగ్గర రాతిని తడుముతూ ఒక చెయ్యి పైకి వచ్చింది. చేతి వెనకాల మనిషి ఆకారం.

"తమ్ముడూ... ఉన్నావా?"

అక్క!

"నువ్వా!" అన్నాడు. కొరివి దెయ్యమట, దెయ్యం! ఊరంతా హడలిచచ్చింది తన అక్కను చూసేనా? నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను," అంది ఆమె, రొప్పుతూ, గుసగుసగా. "ఎంతకీ వెలగదే. ఆరిపోయిందా?"

దాచి లాభం లేదు. "నా చేతుల్లోనే పోయిందక్కా. లాంతరు కూడా ఆరిపోయింది. నన్ను క్షమించు."

అక్క కోప్పడలేదు. కూలబడలేదు. కొంగు చాటు నుంచి ఒక బిస్కట్ల డబ్బా తీసింది. పొడుగాటి రేకు డబ్బా, మూత బిగించి ఉంది. కింద గాలికి చిన్న చిన్న బెజ్జాలు. మూత తీసింది. లోపల వంటింటి బుడ్డి దీపం, నిక్షేపంలా వెలుగుతోంది.

"ఇది..."

"ఇదీ అదే నిప్పు. జ్యోతి వెలిగించిన మొదటి రోజు, పెద్దలు వెళ్లిపోయాక, తాడు కింద నుంచి దూరి అంటించుకుని తీసుకెళ్లాను. అప్పట్నుంచి మన అలమర మీదే ఉంది. నువ్వేమో పగలు దీపమెందుకని సణుగుతావు."

ఫిట్టరు డబ్బాలోకి వంగి చూశాడు.

"ఇదే మొదటిసారి అనుకున్నావా? గాలివానలకు ఎన్నిసార్లు ఆరిందో! మీ పెద్దమేస్త్రి ఇక్కడ దిక్కులు చూస్తూ కూర్చుంటే నేనే తెచ్చి అంటించాను. ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాను."

"మరి... ఆరిన రోజు ఒప్పుకుంటానన్నావు కదే?"

"అన్నాను. ఆరనిస్తేగా!"

అతను లేచాడు. ఈసారి గొట్టంలో గాలి పూర్తిగా పోనిచ్చాడు. అక్క బుడ్డి దీపం వంచింది. మంట ఒక్కసారి లేచి నిలబడింది. గోడ మీది పేర్లన్నీ పైకి తేలాయి. లేని పేరు లేకుండానే ఉంది. తెల్లారి ఎవరో పెద్దమనిషి ఈ నిప్పుకు చెయ్యెత్తి వందనం చేస్తాడు. అది తాడు అవతల నిలబడ్డ ఆడమనిషి వంటింటి నిప్పని ఆయనకెప్పటికీ తెలియదు. ఫిట్టరుకు అక్కను చూస్తే గర్వంగా ఉంది. ఆ సంగతి ఊరంతా వినేలా అరవాలనిపించింది.

అక్క మంట దగ్గర చేతులు కాచుకుంటూ అంది.

"నువ్వు ముందు నడిచావు కాబట్టి సరిపోయింది. వీధి దీపాలున్నంత మేరా పర్లేదు గానీ, గేటు దాటితే నాకు ఏమీ కనిపించదు. ఈ డబ్బా మూత తీస్తే గాలికి ఆరిపోతుంది."

ఫిట్టరు కదల్లేదు.

"నేను... ముందు నడిచానా?"

"లాంతరు పట్టుకుని గేటు దాకా వచ్చావుగా. పలకరిస్తే పలకవేం? మీ పెద్దమేస్త్రీ ఇంతే. ఎన్నిసార్లు వచ్చినా ప్రతిసారీ ముందు నడిచేవాడు గాని ఒక్క మాట మాట్లాడేవాడు కాదు."

పెద్దమేస్త్రి... మెట్లు దిగడమే తెలియని పెద్దమేస్త్రి...

ఫిట్టరు కాళ్ల దగ్గరున్న తన లాంతరును తాకాడు. గాజు చల్లగా ఉంది. మెట్ల వైపు చూశాడు. జ్యోతి వెలుగులో అడుగు మెట్టు దాకా కనిపిస్తోంది. ఎవరూ లేరు. ఎవరూ ఉండరని అతనికి తెలుసు. ఇన్నాళ్లూ ఎక్కడో కడుపునిండా తింటున్నాడని తను మనసులో దాచుకున్న మనిషి... ఏ రోజో సిగ్గు విడిచి తలుపు తడతాడనుకున్న మనిషి... ఇక తట్టడు. ఆచూకీ దొరికింది. గోడ మీద పేరు లేకపోయినా అందరితో పాటే వచ్చి ఇక్కడ ఉన్నాడు.

"ఏరా, నువ్వు కాదా?" అంది అక్క. ఆమె గొంతులో ఏదో మారింది. "నువ్వు కాకపోతే మరి..."

"నేనే," అన్నాడు ఫిట్టరు గబుక్కున. "నేనేనే అక్కా. గాలికి నీ పిలుపు వినిపించలేదు."

"అదీ!" అని ఊపిరి వదిలింది ఆమె. "పద, పిల్లలు లేస్తారు."

జ్యోతితో లాంతరు వెలిగించాడు. ఆమెకు ముందు నిలబడి ఒక మెట్టు దిగాడు. వెనకాల అడుగు పడలేదు.

"ఏం, ఎక్కేటప్పుడు మెట్టు మెట్టుకీ టక్‌మనిపించావు, దిగేటప్పుడు మర్చిపోయావా?"

ఫిట్టరు వంగి లాంతరు అడుగును రాతికి ఆనించాడు. టక్. ఆమె దిగింది.

"అచ్చం మీ బావలాగే," అంది. చీకట్లో కూడా ఆమె నవ్వుతున్నట్టు తెలుస్తోంది. "ఆయన దగ్గరే నేర్చుకున్నావు కదూ?"

"అవునక్కా."

"రానీ, చెప్తాను. మీ బామ్మర్ది బాగా నేర్చుకున్నాడని."

ఫిట్టరు తర్వాతి మెట్టు మీదికి లాంతరు దించాడు.